అరవై నాలుగో నంబరు మడమ

ఆ శనివారం మా టీం ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. ఆట అయిపోయి జనమంతా మెట్లు దిగి వెళ్ళిపోతున్నా నేను బెంచీ మీంచి లేవలేదు. ఎందుకు ఓడిపోయామో నాకు తెలిసిపోయింది. అంత జనంలో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసేమో అనిపించేసరికి ఒళ్ళంతా పులకరించింది. మనవాళ్ళు ఓడిన రోజున అంత సంతోషపడకూడదని నాకూ తెలుసు. ఏం చెయ్యను, నవ్వు ఆగలేదు.

నాకూ ఆ టీంకీ చుట్టరికం కోడిగుడ్ల వల్ల కలిసింది. మేముండేది కెనడాలో, కేంబ్రిడ్జ్ అనే ఊళ్ళో. మా ఆయన అక్కడే కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మెషిన్ మీద పనిచేస్తారు. నేను రోజూ తెల్లవారుతూనే బస్సెక్కి ముప్పావు గంట ప్రయాణం చేసి ఒక యూనివర్సిటీ డైనింగ్ హాల్‌కి వెళ్తాను. అందులో నాది ఆమ్లెట్ కౌంటర్. ఉదయం ప్రాక్టీసు ముగించుకుని ఫుట్‌బాల్ పిల్లలు నా ముందు వరస కడతారు. పిల్లలు అంటున్నాను గానీ ఒక్కొక్కడూ బీరువా అంత ఉంటాడు. వాళ్ళలో అరవై నాలుగో నంబరు చొక్కా వేసుకునే కుర్రాడు రోజూ ఆరు గుడ్ల ఆమ్లెట్ అడిగేవాడు. ఉల్లిపాయ ఎక్కువ, పచ్చిమిరపకాయ ఇంకా ఎక్కువ. లైన్లో ముందూ వెనకా నిలబడే మన తెలంగాణ, ఆంధ్రా పిల్లలు నన్ను ఆంటీ అంటుంటే విని, అదే నా పేరనుకుని, వాడూ ఆంటీ అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు ఇంగ్లీషులో, "ఆంటీ, శనివారం మా ఆట చూడ్డానికి రావచ్చు కదా" అన్నాడు. స్టాఫ్‌కి పాసులిస్తారు గదా, చూద్దాంలే అని వెళ్ళాను. మూడేళ్ళయింది. ఊళ్ళో ఉన్న శనివారం ఒక్కటీ మానలేదు.

నాకు ఆటలు కొత్త కాదు. ఇక్కడికి రాకముందు బాపట్ల దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో పద్దెనిమిదేళ్ళు డ్రిల్లు టీచర్‌గా చేశాను. ఆడపిల్లల కబడ్డీ టీంని తయారుచేసే పని నాదే. నేనూ చిన్నప్పటి నుంచి ఆడినదాన్నే. మోకాళ్ళ మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి.

కెనడా ఫుట్‌బాల్ కాలితో తన్నుకుంటూ పోయే ఆట కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తాలి, లేదా ముందున్న మనవాడికి విసరాలి. మొదటిదాన్ని రన్ అంటారు, రెండోదాన్ని పాస్ అంటారు. పది గజాలు ముందుకు పోవడానికి మూడే ప్రయత్నాలు. ప్రతి ప్రయత్నానికీ ముందు రెండు వైపులా భారీ మనుషులు ఎదురెదురుగా నేలకి చెయ్యి ఆనించి వంగుతారు. బంతి కదలగానే ఢీకొంటారు. మా అరవై నాలుగు ఆ వరసలోవాడు. మావాళ్ళు పరిగెత్తబోతుంటే వాడు ముందుకు దూకి దారి చెయ్యాలి. విసరబోతుంటే వెనక్కి అడుగేసి, విసిరేవాడి మీదికి ఎవరూ రాకుండా అడ్డం నిలవాలి. ఈ రెండింట్లో ఏది జరగబోతోందో ఎదుటివాళ్ళకి ముందుగా తెలియకూడదు. తెలిసిందా, ఇక ఆడి లాభం లేదు.

ఇవన్నీ నాకు నేర్పింది మేష్టారు. ఆయన అదే యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు. సొంతూరు అనంతపురం వైపు. నేను మొదటిసారి ఆటకి వెళ్ళినప్పుడు, మావాడెవడో బంతితో గీత దాటగానే, "అబ్బో, వాడి దుంప తెగ!" అని అరిచాను. "తెలుగోళ్ళా అమ్మా?" అని పక్కనుంచి వినిపించింది. తిరిగి చూస్తే మంకీ క్యాప్, దాని మీద టీం టోపీ, ఒళ్ళో పెద్ద నోట్ బుక్. జరిగే ప్రతి ప్రయత్నాన్నీ ఆయన అందులో రాసుకుంటారు. ఎన్నో ప్రయత్నం, రన్నా పాసా, ఎన్ని గజాలు వచ్చాయి. మైదానం చివర, గోల్ వెనక, కింద వరసలో మధ్యాహ్నమంతా ఎండ తగిలే చోటొకటి ఆయన ఎప్పుడో కనిపెట్టి పెట్టుకున్నారు. ఆ రోజు నుంచి నేనూ అక్కడే.

ఇక ఆ శనివారం. అక్టోబరు నెల, ఎండ ఉన్నా ముక్కు కొన చల్లబడే చలి. మేం గెలవాల్సిన ఆట అది. ఎదుటి టీం ఆ ఏడాది పెద్దగా ఆడిందేమీ లేదు. మొదటి క్వార్టర్‌లో మావాళ్ళు బాగానే ఆడారు. రెండో క్వార్టర్‌కి వైపులు మారాయి. మావాళ్ళు మా ముందు నుంచి మొదలుపెట్టి అవతలి చివరకి ఆడాలి. అంటే వాళ్ళ వీపులు మాకు. అప్పటినుంచి ఏదీ కలిసిరాలేదు. మావాడు బంతితో పరిగెత్తితే చాలు, వాళ్ళలో పొడుగాటివాడొకడు సరిగ్గా అదే సందులోకి వచ్చి పడేవాడు. మావాడు విసిరితే ఆ మనిషే ముందుగా వెనక్కి జారి, బంతి వచ్చే దారిలో చేతులు చాపుకుని నిలబడి ఉండేవాడు.

"వీళ్ళకి ఎవరో చెబుతున్నారు మేష్టారూ," అన్నాను.

"ఎవురు చెప్తారమ్మా? ఇదంతా ర్యాండమ్," అన్నారాయన రాసుకుంటూనే.

నాకు మాత్రం పాత కోపం వచ్చింది. మా స్కూలు పిల్ల కూతకి వెళ్ళేసరికి అవతలి జట్టు అది ఏ పక్కకి వస్తుందో తెలిసినట్టు కాచుకుని కూర్చుంటే వచ్చే కోపం. అప్పుడు నేనేం చేసేదాన్నంటే, గీత పక్కన గొంతుక్కూర్చుని మా పిల్ల కాళ్ళు చూసేదాన్ని. ముందుకు ఉరకబోయే పిల్ల మడమ నేల మీద ఉండదు. వెనక్కి రావాలని చూసే పిల్ల మడమ నేలకి ఆనిపోతుంది. దానికి తెలియకుండానే అలా జరుగుతుంది. ఎన్ని ఏళ్ళు ఎంతమంది పిల్లల చేత ఆ మడమలు మాన్పించానో లెక్కలేదు.

మేష్టారి బైనాక్యులర్స్ తీసుకుని మావాళ్ళ వరసని ఒక చివర నుంచి చూసుకుంటూ వచ్చాను. ఐదుగురు వంగి ఉన్నారు. నలుగురి కాళ్ళు ప్రతిసారీ ఒకే తీరుగా ఉన్నాయి. అరవై నాలుగు దగ్గరికి వచ్చి ఆగిపోయాను. వాడి కుడి మడమ పైకి లేచి, బూటు అడుగంతా నాకు కనిపిస్తోంది. బంతి కదిలింది. రన్. తర్వాతి ప్రయత్నానికి మడమ నేల మీదుంది. పాస్. మళ్ళీ లేచింది. మళ్ళీ రన్.

మేష్టారి మోచెయ్యి పట్టుకుని ఊపాను.

"మేష్టారూ, ఇప్పుడు పాస్," అన్నాను. పాసే. "ఇప్పుడు రన్." రన్నే.

ఆయన బుక్కులోంచి తల ఎత్తలేదు. "రెండో ప్రయత్నం, ఎనిమిది గజాలు కావాల్నంటే ఎవురైనా పాసే అంటారమ్మా. అందులో గొప్పేముంది?"

ఆట చూడటం మానేసి ఆ కాలు ఒక్కటే చూస్తూ కూర్చున్నాను.

చివరికి స్కోరు సమానంగా ఉండగా ఆఖరి క్షణాలు వచ్చాయి. బంతి వాళ్ళ చేతిలో ఉంది. దూరం నుంచి మా గోల్ స్తంభాల మధ్యకి తన్నారు. బంతి పక్కకి పోయింది! స్టాండ్స్ అంతా లేచి గంతులేసింది. నేను పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిణ్ణి వాటేసుకున్నాను. మేష్టారు మాత్రం గంతులెయ్యలేదు. ఈ దేశపు ఆటలో తిరకాసు ఒకటుంది. తన్నింది గురి తప్పినా సరే, ఆ బంతి మన గోల్ గీత వెనక పడి, మనవాళ్ళు దాన్ని గీత దాటించి బయటికి తేలేకపోతే వాళ్ళకి ఒక పాయింటు ఇస్తారు. తప్పినందుకు పాయింటు! మావాడు సరిగ్గా మా కళ్ళ ముందే బంతిని పట్టుకుని బయటికి రాబోయాడు. గీత ఇంకా రెండు గజాలుందనగా నలుగురు మీద పడ్డారు. అంతే, ఒక్క పాయింటు. ఆట అయిపోయింది.

"తన్నాల! తిరిగి బయటికి తన్నాల్రా నాయనా!" అని మేష్టారు తెలుగులో గావుకేక పెట్టారు. అలా తన్నొచ్చుట. రూలు ఉందిట.

కారు పార్కింగులో మా ఆయన నాకోసం కాచుకుని ఉన్నారు. ఆయనకి క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎక్కదు.

"ఏమైంది?"

"ఓడిపోయాం," అన్నాను పళ్ళన్నీ బయటపెట్టి.

"ఓడితే ఆ నవ్వేందే?"

మేష్టారు కూడా మా వెనకే వచ్చారు. ఆయన ఇంకా ఆ చివరి తన్ను దగ్గరే ఉన్నారు. "ఆ పిల్లోడు బంతి పట్టుకోని తిరిగి బయటికి తన్నింటే అయిపోయేది. ఓవర్‌టైమ్ పోతాంటిమి. ఒక్క తప్పు, అంతే."

"అసలు ఆ తన్ను దాకా ఎందుకు రావాలి మేష్టారూ? ఆట మనం రెండో క్వార్టర్‌లోనే ఇచ్చేశాం. మన అరవై నాలుగు మడమ లేస్తే రన్, ఆనితే పాస్. వాళ్ళకి మన గుట్టంతా తెలిసిపోయింది."

"మడమా?"

"మడమే."

"నా బుక్కులో మడమకి కాలమ్ లేదమ్మా," అన్నారాయన, కొంచెం నొచ్చుకున్నట్టుగా.

"అయితే రేపు మా ఇంటికి రండి. ఆట వీడియో కాలేజీ వాళ్ళే నెట్లో పెడతారుగా. స్కోరు చూడను, ఎన్నో ప్రయత్నమో చూడను. ఆ పిల్లాడి కాలు చూసి చెబుతా."

"తప్పితే?"

"తప్పితే ఇక జన్మలో మడమ మాటెత్తను. మీ తన్నుడే కారణమని ఊరంతా చెబుతా."

మా ఆయన కారు తాళాలు ఆడిస్తూ, "రండి సార్, రండి. ఇంట్లో నేనొక్కణ్ణే వినాలంటే కష్టం," అన్నారు.

ఆదివారం పదింటికల్లా మేష్టారు వచ్చేశారు. చేతిలో నోట్ బుక్, చంకలో ఒక అట్టముక్క. అట్టకి మధ్యలో అరచేతంత కన్నం కోసి తెచ్చారు. పరీక్ష అంటే పరీక్షేనట. టీవీ తెర మీద స్కోరూ మిగతా ఆటగాళ్ళూ నాకు కనపడకూడదు, అరవై నాలుగు ఒక్కడే కన్నంలోంచి కనపడాలి. కెమెరా కదిలినప్పుడల్లా అట్టని కదపాలి కాబట్టి ఆ పని మా ఆయనకి అప్పగించారు. ఆయన లుంగీ పైకి కట్టుకుని టీవీ పక్కన నిలబడి, రెండు చేతులా అట్ట పట్టుకుని, పెళ్ళిలో అడ్డుతెర పట్టుకున్న బావమరిదిలా తయారయ్యారు. రిమోట్ మేష్టారి దగ్గర. రెండు జట్లూ వరసలో నిలబడి వంగగానే ఆయన ఆపేస్తారు. నేను చెప్పాలి.

"రన్."

మేష్టారు బటన్ నొక్కారు. రన్.

"పాస్."

పాస్.

"పాస్. మళ్ళీ పాస్. ఇది రన్."

ఐదైనా ఆయన మొహంలో మార్పు లేదు. పదయ్యేసరికి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇరవై అయ్యేసరికి రెండే తప్పాయి, ఆ రెండింట్లో ఒకటి ఆయన రిమోట్ ఆలస్యంగా నొక్కడం వల్ల తప్పిందని ఆయనే ఒప్పుకున్నారు. బుక్కులో ఏదో లెక్క వేసుకున్నారు. పెన్ను కింద పెట్టి నా వంక చూశారు. "ఇది అదృష్టం కాదమ్మా," అన్నారు మెల్లగా.

నేను సోఫాలోంచి లేచి హాలంతా చుట్టి వచ్చాను. చిన్నపిల్లలా చప్పట్లు కూడా కొట్టాను. స్కూలు వదిలాక ఆటల విషయంలో నన్నెవరూ అలా చూడలేదు.

కానీ ఆయన ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషి. ఊరికే వదలరు. "ఒక్క డౌటు. మనం వెనక నుంచి చూస్తిమి, కాబట్టి మడమ కనపడె. టీవీలో పక్కనుంచి కనపడె. ఆ పొడుగోడు ఎదురుగా ఉన్నాడు గదా. వానికి మడమ యాడ కనపడుతుంది?"

ఇంతలో మా ఆయన అట్ట పక్కన పడేసి, కార్పెట్ మీద అరవై నాలుగులా చెయ్యి ఆనించి వంగారు. మడమ ఎత్తారు, దించారు. మళ్ళీ ఎత్తారు.

"మడమ లేస్తే బరువు ఎక్కడికి పోద్ది? చేతి మీదికి. నా వేళ్ళు చూడండి," అన్నారు. నేనూ మేష్టారూ ఆయన ముందు నేలకి మొహాలు పెట్టి చూశాం. మడమ ఎత్తితే వేళ్ళు కార్పెట్‌లోకి దిగబడి, గోళ్ళ చుట్టూ తెల్లగా పాలిపోతున్నాయి. దించితే వేళ్ళు తేలికై మామూలు రంగుకి వస్తున్నాయి. ఎదుటివాడు చూస్తున్నది ఆ వేళ్ళని! ఇరవై ఏళ్ళుగా మెషిన్ మీద ఏ భాగానికి ఎంత ఒత్తిడి పడుతోందో చూసే మనిషి, కనిపెట్టేశారు.

"నేనూ చూస్తా," అని మేష్టారు వంగారు. డెబ్బై ఒక్క ఏళ్ళు. వంగడం వంగారు గానీ లేవలేకపోయారు. "నన్ను లేపండి, నన్ను లేపండి," అంటూనే, "వేళ్ళు చూడమ్మా ముందు, తెల్లగైనాయా?" అని అడుగుతున్నారు. మేమిద్దరం చెరో రెక్కా పట్టుకుని లాగబోయి ముగ్గురం ఒకరి మీద ఒకరం పడ్డాం. పొయ్యి మీద ఉప్మా మాడిన వాసన వస్తున్నా ఎవరికీ లేచే ఓపిక లేదు, నవ్వి నవ్వి.

సోమవారం పొద్దున అరవై నాలుగు నా కౌంటర్ ముందుకి వచ్చాడు. తల వేలాడేసుకుని, "ఆరు, ఆంటీ," అన్నాడు. ఎలా చెప్పాలో బస్సులో వస్తూ ఇంగ్లీషులో నాలుగుసార్లు అనుకున్నాను. వాడి మొహం చూడగానే అంతా మర్చిపోయాను. గుడ్లు పెనం మీద పోసి, వేళ్ళు స్టీలు బల్ల మీద గట్టిగా నొక్కి చూపించి, "నువ్వు ఇలా పెడితే రన్," అన్నాను. వేళ్ళు తేలిక చేసి, "ఇలా పెడితే పాస్. వాళ్ళు చూశారు," అన్నాను.

వాడు నా చేతి వంక చూశాడు. తన చేతి వంక చూసుకున్నాడు. ఎర్రటి మొహం ఇంకా ఎర్రగా అయింది. ట్రే అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తాడు.

నా ఉత్సాహమంతా చప్పున చల్లారింది. ఆరు గుడ్ల ఆమ్లెట్ పెనం మీద అలాగే ఉంది. నోరు జారానని అర్థమైంది. ఇరవై ఒక్కేళ్ళ పిల్లాణ్ణి పట్టుకుని, మొత్తం టీం ఓడిపోయింది నీ వల్లేరా అని మొహం మీద చెప్పినట్టే కదా. మా స్కూల్లోనైతే ఆ మాట పిల్లని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేసి చెప్పేదాన్ని. మంగళవారం వాడు రాలేదు. ఇంటికొచ్చి మా ఆయనతో అంటే, "నీకెందుకే ఊళ్ళో గోల?" అని, నేను కళ్ళ నీళ్ళు పెట్టుకోబోతుంటే, "వస్తాడ్లే. ఆకలెయ్యదా ఆ ఒంటికి?" అన్నారు.

బుధవారం వచ్చాడు. ఒంటరిగా రాలేదు. పక్కన మెడలో విజిల్ వేసుకున్న గుండు మనిషి ఉన్నాడు, ఆ వరసలో ఆడేవాళ్ళకి శిక్షణ ఇచ్చే కోచ్. కంప్లైంట్ చెయ్యడానికి తెచ్చాడనుకున్నాను.

"ఆంటీ అంటే మీరేనా?" అన్నాడు కోచ్.

"అవును," అన్నాను.

"నాకు చూపించండి."

కౌంటర్ వెనక నుంచి బయటికి వచ్చాను. ఏప్రన్, తలకి నెట్, చేతులకి ప్లాస్టిక్ గ్లౌజులు. అరవై నాలుగుని నా ముందు వంగమన్నాను. కోచ్ వాడి చెవిలో రన్నో పాసో ఊదాలి, వాడు దానికి తగ్గట్టు కాచుకోవాలి, నేను చెప్పాలి. టైల్స్ మీద నేనూ వాడికి ఎదురుగా చెయ్యి ఆనించి వంగాను. యాభై మూడేళ్ళ మోకాళ్ళు రెండూ టక్కుమన్నాయి. హాల్లో చెంచాల చప్పుడు ఆగిపోయింది. మన పిల్లలు లైన్ వదిలేసి చుట్టూ చేరారు. "ఆంటీ, మస్తు!" అని అరిచాడు ఒకడు.

"రన్," అన్నాను. కోచ్ తల ఊపాడు. వరసగా చెప్పుకుంటూ పోయాను.

"పాస్."

"పాస్."

"రన్."

నాలుగైదుసార్లు అయ్యాక కోచ్ పక్కనున్న కుర్చీలో కూలబడి రెండు చేతులతో గుండు పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. చూస్తే భుజాలు ఎగిరేలా నవ్వుతున్నాడు. "వేసవి నుంచి రోజూ ఇతని ముందే నిలబడుతున్నాను. నాకు కనిపించలేదు," అన్నాడు. "ఎక్కడ నేర్చుకున్నారు?"

"కబడ్డీ," అన్నాను.

"కబడ్డీ నాకు తెలుసు! బ్రాంప్టన్‌లో పంజాబీవాళ్ళు ఆడుతుంటే చూశాను," అని లేచి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు, గ్లౌజులతో సహా.

అరవై నాలుగు ఇంకా నేల మీదే కూర్చుని ఉన్నాడు. "సోమవారం అలా పరిగెత్తి వెళ్ళిపోయావు, నాకు భయమేసింది," అన్నాను. "వీడియో చూడ్డానికి వెళ్ళాను ఆంటీ," అన్నాడు. "నిన్నంతా అదే చూశాను. ప్రతి ఆటలోనూ అలాగే పెట్టాను వేళ్ళు." సిగ్గుతో చెప్తున్నాడనుకున్నాను గానీ వాడి కళ్ళు మెరుస్తున్నాయి. ఒక జబ్బుకి పేరు తెలిస్తే మనిషి ఎంత తేలికపడతాడో అలా ఉన్నాడు. ఆ రోజు వాడికి ఎనిమిది గుడ్లు పోశాను. మా సూపర్‌వైజర్ చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయింది.

ఆ శనివారం నేనూ మేష్టారూ గంట ముందే స్టేడియంలో ఉన్నాం. మా ఆయన కూడా వచ్చారు, మొదటిసారి. "వేళ్ళు కనిపెట్టింది నేనూ," అని నాలుగుసార్లు గుర్తుచేశారు. ఈసారి ఎదుటి టీం వేరే అయినా, వాళ్ళూ మన పాత ఆటల వీడియోలు చూసే ఉంటారన్నారు మేష్టారు. ఆయన బుక్కులో కొత్త కాలమ్ గీసి ఉంది. పైన తెలుగులో "మడమ" అని రాసి ఉంది.

బైనాక్యులర్స్ ముగ్గురం వంతులేసుకున్నాం. అరవై నాలుగు మడమ ప్రతిసారీ ఒకే ఎత్తులో ఉంది, లేచిందో లేదో తెలియనంత ఎత్తులో. నాకు ఏమీ అర్థం కాలేదు. ఏమీ అర్థం కాకపోవడం అంత ఆనందంగా ఉంటుందని నాకు తెలీదు. మావాళ్ళు పరిగెత్తారు, విసిరారు, కొన్ని పోయాయి, కొన్ని పడ్డాయి. ఆట నాలుగో క్వార్టర్ దాకా తెగలేదు.

ఇంకాసేపట్లో ముగుస్తుందనగా మావాళ్ళకి మూడో ప్రయత్నం, ఒక్క గజం కావాలి. అప్పుడు చూశాను. మడమ లేచింది. బాగా, బూటు అడుగంతా కనిపించేలా లేచింది.

"అయ్యో అయ్యో, మళ్ళీ లేపాడు! రన్, రన్! తెలిసిపోయింది వాళ్ళకి!" అని బైనాక్యులర్స్ మా ఆయన ఒళ్ళోకి విసిరేసి కళ్ళు మూసుకున్నాను.

జనం హోరెత్తారు. కళ్ళు తెరిచేసరికి ఎదుటివాళ్ళంతా రన్ కోసం మధ్యలోకి వచ్చి గుట్టలా పడి ఉన్నారు. అరవై నాలుగు ఎప్పుడు వెనక్కి అడుగేశాడో వేశాడు. బంతి వాళ్ళందరి తలల మీదుగా ఎగిరి, అవతల ఒంటరిగా పరిగెత్తుతున్న మావాడి చేతుల్లో పడింది. వాణ్ణి ముట్టుకునేవాడే లేడు. గీత దాటేశాడు. టచ్‌డౌన్, ఆరు పాయింట్లు.

మేష్టారు నోట్ బుక్ కింద పడేసి పొట్ట పట్టుకున్నారు. "నువ్వే పడితివి గదమ్మా! కనిపెట్టినదానివి నువ్వే, పడితివి గదా!" మా ఆయన అయితే బెంచీ మీద నిలబడి, క్రికెట్లో సిక్సర్ కొట్టినప్పుడు అంపైర్ ఎత్తినట్టు రెండు చేతులూ ఎత్తారు. మైదానంలో అరవై నాలుగు హెల్మెట్ తీసి మా వైపు తిరిగి, కుడికాలు వెనక్కి మడిచి, ఆ మడమని చేత్తో తట్టి చూపించాడు. నేను అరిచిన అరుపుకి మంగళవారం దాకా నాకు గొంతు రాలేదు. సోమవారం కౌంటర్లో సైగలతోనే ఆమ్లెట్లు వేశాను.

ఆ ఆట గెలిచాం. ఆ తర్వాతది కూడా. ఓడితే ఇంటికి పోవాల్సిన ఆట మాత్రం దారుణంగా ఓడిపోయాం. అది వేరే ఊళ్ళో జరిగింది. ఇంట్లో టీవీలో చూశాం. అయిపోయిన ఐదు నిమిషాలకి మేష్టారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, ఈసారి ఎవురిది? ఏం కనపడె నీకు?"

నిజానికి నాకేమీ కనపడలేదు. రెండు గంటలు కళ్ళార్పకుండా చూశాను. "ఏం లేదు మేష్టారూ. వాళ్ళు మనకంటే బాగా ఆడారు, అంతే."

"అంతేనా? ఒక్క కారణం కూడా లేదా?"

"లేదండీ."

"అట్లైతే నేను చెప్తా విను," అని నోట్ బుక్ కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. గాలి ఎటు వీచిందో అక్కడి నుంచి మొదలుపెట్టారు. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి బల్ల మీద ఉంచాను. మా ఆయన రెండు గ్లాసుల్లో కాఫీ తెచ్చి, కుర్చీ దగ్గరికి లాక్కుని, "అది కాదు సార్, నా మాట వినండి," అన్నారు.